బందరు సూదులూ, చెవి బిరడా

ఘంటసాల

ప్రియమైన మేనకోడలు సుప్రియను ప్రభువు పేరిట దీవించి మావయ్య రాజారత్నం రాస్తున్న సంగతులు.

మేం క్షేమం. గుడివాడలో నువ్వు ఊరందరికీ చెవులు పరీక్ష చేస్తూ, సొంత మావయ్యకే వినపడకపోవడం నీకు నామోషీ అని తెలుసు. అయినా నువ్వు పంపిన చెవి మిషను డబ్బా విప్పలేదు, బీరువాలోనే ఉంది. అది పెట్టుకుని చర్చికి వెళ్తే చెవిటి రాజారత్నం అంటారు. పోయిన ఆదివారం పాట ఎత్తుకున్నానా, అందరూ ముగించి పాస్టరు దేవసహాయం గారు ప్రార్థన మొదలుపెట్టినా నేను మూడో చరణంలోనే ఉన్నానట. కోత పండగకి పాట ఆటో నడిపే హనోకు చేత ఎత్తిద్దామని సంఘంలో గుసగుసలట. ఏళ్ల తరబడి నాది ఆ పాట! అందుకే బందరులో భూషణం గారి దగ్గర ఆక్యుపంక్చర్ మొదలుపెడుతున్నాను. సూదులతో చెవులు తెరుచుకుంటాయట.

ఇట్లు,
మావయ్య

తా.క.: ఫోన్ చెయ్యకు. నాకు వినపడదు, మీ అత్తయ్య ఎత్తి నామీద చాడీలు చెబుతుంది.

గుడివాడ

మావయ్యకు వందనాలు.

వయసుతో దెబ్బతిన్న చెవిని సూదులు బాగుచేస్తాయనడానికి గట్టి రుజువు లేదు మావయ్యా. కళ్లజోడుకి లేని సిగ్గు చెవి మిషనుకెందుకు? దయచేసి ఆ డబ్బా విప్పండి.

మీ సుప్రియ

తా.క.: అత్తయ్య చాడీలు నాకు రోజూ అందుతున్నాయి. బాగుంటున్నాయి.

ఘంటసాల

అమ్మాయ్ సుప్రియా, దీవెనలు. అద్భుతం జరిగింది!

నీ రుజువులు పక్కన పెట్టు. భూషణం గారు చెవి చుట్టూ సూదులు గుచ్చి, తీసి, చెవిలో చిన్న బిరడా పెట్టారు. సూదుల సత్తువ బయటికి కారిపోకుండానట. మీ అత్తయ్యతో బస్సు దిగి నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. ఎవరో వెనకాల వస్తున్నారని రెండుసార్లు ఆగాను. ఇంట్లో తాలింపు చిటపటలాడింది. అది చప్పుడు చేస్తుందన్న సంగతే మర్చిపోయాను తల్లీ! సాయంత్రం రేకుల మీద వాన పడితే వసారాలో నిలబడి ఏడ్చేశాను. మీ అత్తయ్య పని చేసుకుంటూ పెదాలు కదుపుతుంటే ఇన్నేళ్లూ నా కోసం ప్రార్థన అనుకున్నాను. తిట్లు! ఎన్ని రకాలో! కుర్చీ వేసుకుని విన్నాను.

ఇట్లు,
చెవులున్న మావయ్య

తా.క.: సుప్రియా, నేను మీ దేవమ్మత్తయ్యని. ఆయన స్నానానికి వెళ్లారు. ఆ బిరడా నీ మిషనే. టిఫిన్ క్యారేజీలో దాచి పట్టుకెళ్లి భూషణం గారిని బతిమాలాను. అందులో వేసే బ్యాటరీ బిళ్లలు అయిపోతున్నాయి, పంపు. ఆయనకి చెప్పావో, ఊరుకోను.

గుడివాడ

మావయ్యకు వందనాలు.

నేను ఓడిపోయాను. సూదులే గొప్పవి. బిరడా సత్తువ తగ్గకుండా ఉండే బిళ్లలు ఇక్కడా దొరుకుతున్నాయి, పంపుతున్నాను. పండగకి సెలవు దొరకలేదు. మీ పాట ఎలా సాగిందో రాయండి.

మీ సుప్రియ

తా.క.: స్నానానికి వెళ్లేటప్పుడు బిరడా తియ్యండి. సూదుల సత్తువకి నీళ్లు పడవు.

ఘంటసాల

బంగారు తల్లి సుప్రియకు దీవెనలు.

పండగ అయింది. ఒక సంగతి చెబుతాను, మీ అత్తయ్య దాకా వెళ్లకూడదు. ఆ బిరడా ఏమిటో నాకు బందరులోనే తెలుసు. సూదులున్నంతసేపూ ఏమీ వినపడలేదు. అది పెట్టగానే ఫ్యాను చప్పుడు వినిపించింది. పోయింది చెవులే గానీ బుర్ర కాదు కదా! కానీ ఓ మూల మీ అత్తయ్య ఊపిరి బిగబట్టి నా మొహంలోకే చూస్తోంది. ఆ చూపు చూశాక, ఇది మిషను కదా అనడానికి నోరు రాలేదు. నన్ను బుట్టలో వేశానని ఎంత సంబరంగా తిరుగుతోందో. చెడగొట్టకు.

ఇక పాట. పండగ ముందు ఆదివారం ఎత్తుకున్నాను. ఎన్నో ఏళ్లకి నా గొంతు నేను విన్నాను. అమ్మో! సంఘమంతా దీన్నా ఓర్చుకుంటోంది? హనోకు పేరు ఇన్నాళ్లకి గానీ ఎత్తలేదంటే, మనుషుల్లో ఇంత ప్రేమ ఉందా అని ఒళ్లు జలదరించింది. మొదటి చరణంతో ఆపేసి, పండగకి నువ్వే పాడు నాయనా అని హనోకుకి నేనే చెప్పాను. ఆ అబ్బాయి గొంతు ఎంత కమ్మగా ఉందో!

ఇట్లు,
మావయ్య

తా.క.: పండగ రోజు మగవాళ్ల వైపు కూర్చుని, అవతల అంతమంది ఆడవాళ్ల గొంతుల్లోంచి మీ అత్తయ్య గొంతు పట్టుకున్నాను. శ్రుతి అన్నది లేదు. అయినా బిళ్ల అయిపోయేదాకా వినాలనిపించింది. ఇంకో అట్ట పంపు.