ఎడమ బాక్సు

జూన్ 9, సోమవారం

మళ్లీ గ్లాసు విసిరాడు. కుడి చెయ్యి పడిపోయింది కదా అని దగ్గరికి వెళ్లడం నాదే బుద్ధితక్కువ. ఎడమ చెయ్యికి బలం అలాగే ఉంది. రాగిజావ నా ముక్కు మీద, గోడ మీద, ఆయన పాట బాక్సు మీద. ముందు బాక్సు తుడిచాను. ఆ తర్వాతే ముఖం కడుక్కున్నాను. మొగుడికి పక్షవాతం వచ్చినా నా అలవాట్లు మారలేదు.

జూన్ 10

మరిది అత్వెల్లి నుంచి వచ్చాడు. "ఏంది వదినా, గీ డొక్కు బాక్సులు ఇంకెందుకు? సగం హాలు మింగినయ్. అరచెయ్యంత స్పీకర్ తెస్త, ఫోన్‌తోని మోగుతది." ఆయన మంచం మీద నుంచి గుర్రుమన్నాడు. "అన్నకు గవంటే పాణం" అని మరిది నవ్వి, వాటి ఫొటోలు తీసుకున్నాడు. అమ్మకానికి ఫోన్‌లో పెడతాడట.

పాణమే. యాప్రాల్‌లో బదిలీ అయి పోతున్న మిలిటరీ ఆఫీసర్ దగ్గర కొన్నాడు. విదేశీ సరుకు, నడుమెత్తు, టేకు చెక్క. నన్ను ఒక్కనాడూ అంత మెల్లగా పట్టుకోలేదు.

జూన్ 12

ఇవాళ రాస్తాను. ఎన్నడూ రాయలేదు.

ముందు కిటికీలు మూసేవాడు. తర్వాత షెహనాయి రికార్డు. తర్వాత వాల్యూమ్. బటన్ సగం తిప్పితే చెంపదెబ్బలు. మొత్తం తిప్పితే బెల్టు. నేను ఆయన ముఖం చూసేదాన్ని కాదు, ఆ బటన్‌నే చూసేదాన్ని. నా అరుపు గడప దాటలేదు, షెహనాయి దాటింది. షామీర్‌పేటలో ప్లాట్లు ఇప్పించే పెద్దమనిషి, సంగీతం తెలిసిన మనిషి అని ఆయనకు పేరు.

మర్నాడు పక్కింటి సుజాత గోడ మీంచి పలకరించేది... "అన్నకు పాటలంటే మస్తు ఇష్టం గదక్కా. మా ఆయనకు టీవీ తప్ప ఏం తెల్వది." నేను నవ్వేదాన్ని. పగిలిన పెదవితో కూడా నవ్వొచ్చు. సిగ్గుగా ఉంది రాస్తుంటే.

రోకలి తెచ్చి రెండింటినీ పొట్టలు పగలగొట్టాలని ఉంది.

జూన్ 13

కొట్టలేదు. రోకలి హాలు దాకా తెచ్చాను. ఆయన చూశాడు. మళ్లీ వంటింట్లో పెట్టాను.

జూన్ 15, ఆదివారం

ఫొటో చూసి యాప్రాల్ నుంచి ఒకాయన వచ్చాడు. రైల్వేలో రిటైరయ్యాడట. పాత స్పీకర్లంటే పిచ్చి. ముందున్న గుడ్డ తీసి, లోపలి అంచు ముట్టుకుంటే నల్లటి స్పాంజి పొడిపొడిగా రాలింది.

"గిదొక్కటే పోయిందమ్మా. మారిస్తె ఇంకా శానా ఏండ్లు పాడుతయ్. గిసుంటి చెక్క, గిసుంటి గొంతు ఇప్పుడు కొత్తవాట్ల ఏడున్నది?"

మూల మీద చెయ్యి పెట్టాడు. "గీడ సొట్ట పడ్డది. దేనికి తగిలింది?"

"నా తలకు."

నవ్వాడు. తర్వాత మంచం వైపు చూసి నవ్వు ఆపేశాడు.

ఎవరో ఒకామె పాడిన పాట పెట్టి, నన్ను నడుమ నిలబెట్టాడు. గొంతు రెండు బాక్సుల మధ్య నుంచి రావాలట. నాకు కుడి పక్కనుంచే వస్తోంది. ఎడమది మొదటి నుంచీ తక్కువే అన్నాను. వైర్లు అటూ ఇటూ మార్చాడు. ఇప్పుడూ కుడి పక్కే. "వెనక్కి తిరుగున్రి" అన్నాడు. వీపు బాక్సులకు పెట్టి నిలబడ్డాను. గొంతు ఎడమ బాక్సులోకి వెళ్లిపోయింది.

"బాక్సులు రెండూ మంచిగనే ఉన్నయమ్మా. ఒకసారి చెవుల డాక్టర్‌కు సూపెట్టుకోన్రి."

ఇన్నేళ్లూ బాక్సుదే తప్పు అనుకున్నాను. ఒకప్పుడు ఆయనకు చెప్పాను కూడా. బాక్సును మేడ్చల్ తీసుకెళ్లి చూపించి, తిరిగొచ్చి కొట్టాడు. "రిపేరోడు ఏం లేదంటాండు. అబద్ధమాడ్తవా?" అదే చెంప మీద.

ఇవాళ మంచం మీద నుంచి అన్నీ విన్నాడు. పనిచేసే సగం నోటితో నవ్వాడు. నేను చూశాను.

జూన్ 16

బేరం కుదిరింది. గురువారం వ్యాన్ తెస్తాడు. పాతవైనా ఉంచుకోదగ్గవేనమ్మా, ఎందుకిస్తున్నరు అని వెళ్తూ వెళ్తూ అడిగాడు.

చంపాలనిపిస్తోంది. బాక్సుల్ని కాదు.

జూన్ 18, బుధవారం

మధ్యాహ్నం. అన్నం పెడితే కంచం తోశాడు. లేచి కిటికీలు మూశాను. షెహనాయి పెట్టాను.

ఆయన నా ముఖం చూడలేదు. నా వేళ్ల కింద బటన్‌నే చూశాడు.

సగం తిప్పాను. "బంద్... బంద్ జెయ్..." అన్నాడు. మొత్తం తిప్పాను. అద్దాలు అదిరాయి. బీరువాలో బెల్టు ఎక్కడ ఉంటుందో నేను వెతుక్కోనక్కర్లేదు. మొదటి దెబ్బ పరుపు మీద పడింది. రెండోది పరుపు మీద పడలేదు. ఒళ్లంతా హాయిగా అయింది, అది కూడా రాస్తున్నాను. చెయ్యి మళ్లీ లేచింది.

తలుపు బాదుతున్నారు. ఆ పాట మోగుతుండగా ఈ ఇంటి తలుపు ఎవరూ ఎన్నడూ తట్టలేదు. సౌండ్ తగ్గించాను.

సుజాత. "తలుపు తియ్యక్కా. అన్నను గొడుతున్నవా?"

షెహనాయి వినే అడిగింది. షెహనాయి అంటే ఏమిటో దానికి తెలుసు. అన్నేళ్లూ తెలుసు.

తలుపు తీయలేదు.

జూన్ 19

వ్యాన్ వచ్చింది. గేటు దగ్గర హారన్ కొడుతున్నాడు, కుడి చెవిలో. సుజాత గోడ దగ్గర నిలబడి ఇటే చూస్తోంది. ఆయన కూడా నన్నే చూస్తున్నాడు... నా చెయ్యి బటన్ మీద ఉంది.