నూటయాభై నెంబరు నాజిల్

1984 ఫిబ్రవరి 6

బావ జీపుకి కొత్త ఇంజను బిగించాం. చిన్నది, మహా జోరుగా తిరిగే రకం. కానీ యాక్సిలరేటర్ నిండా తొక్కితే ఊపు చచ్చిపోతోంది. ఇంజనుతో వచ్చిన పాంప్లెట్లో చదివాను — ఇంజను ఎంత వేగంగా తిరిగితే డీజిల్ చిమ్మడానికి అంత తక్కువ సమయం. అంటే డీజిల్ చిమ్మే నాజిల్ రంధ్రాలు పెద్దవి కావాలి. పాతదాని మీద 130 అని ఉంది. 150 వేస్తాను. చెప్పులైనా బనియన్లైనా అంతే కదా, నెంబరు పెద్దదైతే సైజు పెద్దది.

"నువ్వు సదివినోడివి. నీ ఇష్టంరా" — బావ.

ఫిబ్రవరి 8

ఖుర్సీపార్‌లో షావుకారు సూర్నారాయణ స్పేరుపార్టుల కొట్లో నూటయాభై కొన్నాను. బిగించాను. నల్లపొగ... అయినా బావ దుర్గ్ వెళ్లే జనాన్ని ఎక్కించేశాడు.

ఫిబ్రవరి 11

పిస్టన్ పట్టేసింది. నడిరోడ్డు మీద. విప్పి చూస్తే సిలిండరు గోడలన్నీ గీతలు. జీపు ఆగితే అక్క ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

ఫిబ్రవరి 12

షావుకారు కొట్టు ముందు అరిచాను. నకిలీ సరుకు అంటగడతావా, డ్రైవర్ల రక్తం తాగుతావా అని. జనం మూగారు. ఆయనది ఒకటే మాట — "నూటయాభై అడిగేవు బాబూ, నూటయాభై ఇచ్చేను. ఇందల నా తప్పేటి?"

సాయంత్రం సెక్టర్ 2 జీపు స్టాండులో నా ఉపన్యాసం. జీపు డ్రైవర్లు ఊగిపోయారు. "తాలా లగా దేంగే, భయ్యా!" ఎల్లుండి కొట్టుకి తాళం వేయడం ఖాయం.

ఫిబ్రవరి 13

దొంగని రుజువుతో పట్టుకోవాలి. మెకానిక్ షెడ్డులో రెండు నాజిళ్లూ ముందు పెట్టుకున్నాను. రంధ్రాలు శుభ్రం చేసే సూది పాతదానిలో బిగుతుగా దూరింది. కొత్తదానిలో... అంతే బిగుతు.

మళ్లీ చూశాను. అంతే.

నాజిళ్లు పరీక్షించే చేతిపంపుకి బిగించి పాత పేపరు మీద డీజిల్ చిమ్మించాను. పాతది సగం తెరిచిన గొడుగు. కొత్తది — విచ్చుకుపోయిన గొడుగు. తడి పేపరు అంచులు దాటిపోయింది.

130, 150... రంధ్రం సైజు కాదు. డీజిల్ విచ్చుకునే కోణం! పిస్టన్ నెత్తి మీది గుంటలో పడాల్సిన డీజిల్ సిలిండరు గోడలకి కొట్టింది, పిస్టన్ జారడానికి అక్కడుండే నూనె కడిగేసింది.

నకిలీ కాదు. నేను అడిగిందే ఇచ్చాడు.

నేను. నేనే.

అక్కకి చెప్పాను. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. "మీ బావకి సెప్పేవా?"

లేదన్నాను.

"మరి నాకెందుకు సెప్పేవురా?"

ఫిబ్రవరి 14

తెల్లారింది. వీధిలో జీపుల హారన్లు. బావ చేతిలో కొత్త తాళంకప్ప. నవ్వుతున్నాడు — పిస్టన్ పోయాక ఇదే మొదటిసారి.

"ఒరే బావమరిదీ, ఏటింకా ఆ రాతలు? బయల్దేరు. కొట్టుకాడ ముందు మాట నీదే."

ముందు మాట నాదే...