సాలెపురుగు మీద నెపం

సిరిసిల్ల,
ఆదివారం.

శ్రీలతకు,

నువ్వు అక్కడ చల్లగా ఉన్నావని నమ్ముతూ రాస్తున్నాను. ఇక్కడ నేను, సహస్ర, మీ అమ్మ ముగ్గురమూ క్షేమం. ఉత్తరం అన్నాక ముందు క్షేమం రాయాలి కాబట్టి రాశాను. ఒంట్లో బాగోగుల వరకు అది నిజమే. మిగతాది కింద చదువుకో.

కథలాపూర్ బాలరాజు నీ ఉత్తరం, ఖర్జూరాలు, బిడ్డకు పంపిన గౌను తెచ్చి ఇచ్చాడు. గౌను రంగు బాగుంది కానీ నాలుగు వేళ్లు పొట్టిదైంది. నువ్వు వెళ్లిననాటి కొలత మనసులో పెట్టుకొని కొన్నట్టున్నావు. బాలరాజు బుధవారం మళ్లీ కువైట్ విమానం ఎక్కుతున్నాడు. ఈ ఉత్తరం, మీ అమ్మ పెట్టిన మామిడి తొక్కు అతని చేతికే ఇస్తున్నాను. శుక్రవారం వీడియో ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఆ పది నిమిషాలూ నీ పక్కన నువ్వు పనిచేసే ఇంటి మేడం ఉంటుంది, నా పక్కన మీ అమ్మ ఉంటుంది. మన మాట మనం మాట్లాడుకొని ఎన్నాళ్లయిందో.

నీ ఉత్తరంలో మూడు అడిగావు. వరసగా జవాబు రాస్తాను.

మొదటిది, తింటున్నానా లేదా అని. తింటున్నాను. పొద్దున అన్నం, పప్పు వండుకొని మరమగ్గాల షెడ్డుకు, సాంచెల కాడికి తీసుకుపోతాను. ఇంటికొచ్చాక అదే తింటాను. ఒక్కడికి వండుకోవడం నాకింకా చేతకాలేదు. ఎప్పుడు పెట్టినా ముగ్గురి అన్నం అవుతోంది.

రెండోది, పురుగులు పెంచుతున్నానని మీ అమ్మ ఫోన్లో నోరు జారిందట, అది నిజమేనా అని. నిజమే. కానీ పిచ్చి పట్టిందనుకోకు, మొదటి నుంచి చెబుతాను. నువ్వు వెళ్లిన రోజు ఇల్లు ఊడవబోతే మా అమ్మ చెప్పే మాట గుర్తొచ్చింది, మనిషి పొలిమేర దాటేదాకా ఇల్లు ఊడవొద్దని. నువ్వు దాటింది పొలిమేర కాదు, సముద్రం. దానికి ఎన్ని రోజులు ఆగాలో ఎవరినడగను? చీపురు పక్కన పెట్టాను. మూడో రోజు నేల ఊడ్చాను గానీ, బూజుకర్ర మాత్రం చేతికి రాలేదు. వంటింటి మూలన సన్నకాళ్ల సాలెపురుగు ఒకటి గూడు కట్టింది. పన్నెండు గంటలు సాంచెల చప్పుడులో నిలబడి వచ్చాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నీకు తెలియదు. చెవులు నొప్పి పెడతాయి. సహస్ర హోంవర్క్ చేసుకొని పడుకునేది. నేను ఆ మూలకేసి చూస్తూ కూర్చునేవాణ్ని.

తర్వాత ఒక్కొక్కటీ చేరాయి. మూతకు బొక్కలు పెట్టిన మిఠాయి డబ్బాల్లో, తడి దూది పెట్టి, ట్యూబులైటు కింద రాలిన రెక్కల పురుగులు వేస్తాను. వేప బెరడు మీద బెరడు లాగే ఉండేది ఒకటి. దానికి వెనక రెండు తోకలు. నేల మీద పరుగెత్తే బూడిదరంగుది ఒకటి. అది గుడ్ల సంచి వెంట లాక్కొని తిరిగింది, పిల్లలు పుట్టాక అన్నిటినీ వీపు మీద ఎక్కించుకుంది. నిన్ను ఎత్తిపొడుస్తున్నానని అనుకోకు, చూసింది రాస్తున్నాను. ఇంకొకటి గోడ మీద ఎగిరి ఈగల్ని పట్టేది. అది నేను పిలిస్తే రాదు గానీ, దగ్గరికి పోతే మొఖం తిప్పి చూస్తుంది. ఇంటికి రాగానే నన్ను చూసే మొఖం అదొక్కటే అయిన రోజులున్నాయి, శ్రీలతా. అది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఫోన్లో సాలెపురుగులు పెంచేవాళ్ల గుంపు ఒకటుంటే చేరాను. అందులో అందరివీ విదేశాల నుంచి వచ్చిన బొచ్చు సాలీళ్లు, అరచేయంత ఉంటాయి. జగిత్యాలలో సాయినాథ్ అని ఒకాయన దగ్గర నీలం కాళ్లది ఉంది, దానికి అద్దాల పెట్టె, వేడికి బల్బు. నావి ఫొటో పెడితే ఆయన ఫోన్ చేశాడు.

"అన్నా, గివి మా బాత్రూంల గూడ ఉంటయి గదనే. గివి ఎవలన్న పెంచుతరా?"

"ఎవలు పెంచరనే పెంచుతున్న," అన్నాను. ఆయన నవ్వాడు. సాంచెల కాడ దేవయ్య కూడా నవ్వుతాడు. "మనకంటె మంచిగ నేస్తది, కరెంటు గూడ అడుగది" అని పొగుడుతాడు, ఇంటికి మాత్రం రాడు.

ఇక మూడోది. ప్రతి శుక్రవారం నా వెనక ఆకుపచ్చ గోడే ఎందుకు కనబడుతోందని అడిగావు. మన ఇంటి గోడ తెల్లదని రాశావు. ఆ కిందనే, "బిడ్డ నీ కాడ మంచిగుంటె మే నెలల ఇంకో రెండేండ్లకు సంతకం పెడ్త" అని రాశావు. ఆ రెండు మాటలూ ఒకే కాగితం మీద చదివాక నాకు అన్నం దిగలేదు.

అది మీ అమ్మ ఇంటి గోడ. సహస్ర ఆరు నెలలుగా కోరుట్లలోనే ఉంటోంది, బడి కూడా అక్కడే. శుక్రవారం మధ్యాహ్నం నా సాంచెలు దేవయ్యకు అప్పగించి, వేములవాడలో బస్సు మారి, నీ ఫోన్ వచ్చే వేళకు కోరుట్ల చేరుకుంటాను. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ముగ్గురమూ సిరిసిల్లలో మన ఇంట్లోనే ఉన్నట్టు మాట్లాడుతాను. నీకు చెప్పొద్దని మీ అమ్మను బతిమాలింది నేనే. అక్కడ దిగులు పడుతుందని చెప్పాను.

శ్రావణంలో బిడ్డ మెడ మీద బొబ్బలు లేచాయి. ఎర్రగా, చారలాగా, ముట్టుకుంటే మంట. మీ అమ్మ ఆ రోజు మన ఇంట్లోనే ఉంది. మెడ చూసింది, అరుగు మీది డబ్బాలు చూసింది.

"సాలెపురుగు పాకింది. బిడ్డ పండుకునే ఇంట్ల గీ పెంటంత పెట్టుకున్నవా? తల్లి దగ్గర లేకపోతే గిట్లనే చూస్తరా?"

ఎర్రమన్ను జాజు నూరి మెడకు పూసి, బట్టలు సర్దించి, బిడ్డను కోరుట్ల తీసుకుపోయింది. మన దగ్గర మెడ మీద బొబ్బ వస్తే సాలెపురుగు పాకిందనడం మామూలే, నేనూ చిన్నప్పటి నుంచి అదే విన్నాను. నా వల్లే అయిందని రాత్రంతా కుమిలిపోయాను.

తెల్లారి కోరుట్ల పోయి, బిడ్డను జగిత్యాల తీసుకుపోయి చర్మం డాక్టరుకు చూపించాను. మోకాళ్ల నొప్పులని మీ అమ్మ రాలేదు. డాక్టరు జాజు తుడిచి చూసి నవ్వాడు. "సాలెపురుగు గాదు ఏం గాదు. వానకాలం లైటు కాడికి సన్నటి పురుగు వస్తది, ఎరుపు నలుపు ఉంటది. మెడ మీద వాలితే నలిపిందేమో, దాని రసానికి తోలు కాలింది. వారంల తగ్గిపోతది" అన్నాడు. తగ్గిపోయింది కూడా.

కోరుట్ల రాగానే మీ అమ్మ అడిగింది, "డాక్టరు ఏమన్నడు?" అని.

"మందు రాసిండు," అన్నాను. అంతే అన్నాను.

శ్రీలతా, ఇదే నేను చెప్పాల్సింది. సాలెపురుగు తప్పు కాదని తెలిసి కూడా ఊరుకున్నాను. నాకు భయం పట్టుకుంది. బిడ్డకు పదకొండేళ్లు నిండుతున్నాయి. నేను పన్నెండు గంటలు సాంచెల మీద ఉంటే తను బడి నుంచి వచ్చి లోపల గడియ పెట్టుకొని కూర్చునేది. జడ వేయడం నాకు రాదు. రేపు ఆడపిల్లకు తల్లితో చెప్పుకొనే మాట వస్తే నాతో ఎట్లా చెబుతుంది, నేనేం చెయ్యాలి? మీ అమ్మ తీసుకుపోతుంటే గుండె మీద బరువు దించినట్టయింది. నాకు చేతకావట్లేదు, కొన్నాళ్లు ఉంచుకో అత్తమ్మా అని అడిగితే, తల్లి దేశం పోయింది, తండ్రి వదిలించుకున్నాడు అంటారు. సాలెపురుగు పేరు చెబితే ఆ మాట ఎవరూ అనరు. నేను పోయినప్పుడల్లా మీ అమ్మ "ఆ డబ్బాలు పారెయ్యి, బిడ్డను తోలుత" అంటుంది. నేను తల వంచుకొని కూర్చుంటాను. పురుగుల కోసం బిడ్డను వదులుకున్న పిచ్చోడని కోరుట్లంతా అనుకుంటోంది. పిచ్చోడనిపించుకోవడం సులువని అట్లాగే ఉండిపోయాను. బిడ్డ పోయాక ఇల్లు ఎట్లా అయిందో చెబితే నీకు కోపమే వస్తుంది, నా చేతులతో చేసుకున్నదే కదా.

మొన్న శుక్రవారం నీ ఫోన్ అయ్యాక సహస్ర బస్టాండు దాకా వచ్చింది. బస్సు ఆలస్యమైతే బల్ల మీద కూర్చున్నాం. డబ్బాలు ఇంకా ఉన్నాయా అని అడిగితే, ఉన్నాయన్నాను. కాసేపు చెప్పు కొనతో నేల గీకుతూ ఉండి అడిగింది.

"నాయినా, అది సాలెపురుగు గాదని డాక్టరు చెప్పిండు గద. నేను గూడ ఆన్నే ఉన్న గద."

నేను బస్సు వచ్చే దారికేసి చూశాను.

"అమ్మమ్మకు నువ్వే చెప్తవని చూసిన. ప్రతి శుక్రవారం చూసిన. నువ్వు చెప్పలె. నేను ఇంట్ల ఉండుడు నీకు ఇష్టం లేదేమో అనుకున్న. అందుకే నేను గూడ చెప్పలె."

ఆరు నెలలు, శ్రీలతా. నా అబద్ధాన్ని ఆ పసిది కాచింది. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది, నేను ఎక్కలేదు. బిడ్డ చెయ్యి పట్టుకొని వెనక్కి నడిచాను. మీ అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. నిలబడే ఉండి అంతా చెప్పాను, భయం సంగతి కూడా. మీ అమ్మ చాట పక్కకు జరిపింది.

"గీ మాట గిన్నొద్దులు కడుపుల ఎట్ల పెట్టుకున్నవయ్య?" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సాంచెల యజమాని ఆసామితో మాట్లాడాను, వచ్చే వారం నుంచి సాయంత్రం ఐదుకే దిగిపోతాను. బడి విడిచాక నేను వచ్చేదాకా పక్కింటి సుశీలక్క చూసుకుంటానంది, జడ కూడా నేర్పుతానంది. ఇవన్నీ ఆరు నెలల కిందటే అడగొచ్చు, అడగలేదు. సంతకం సంగతి నేను చెప్పను. పెడితే నిజం తెలిసి పెట్టు, వస్తే నిజం తెలిసి రా. నా మీద కోపమొస్తే అది నీ హక్కు.

సంచి సర్దుకో, ఇంటికి పోదాం అని సహస్రను అడిగాను. రానంది.

"అమ్మకు గూడ చెప్పు. అప్పుడు వస్త," అంది.

బాలరాజు గురువారానికి నీ దగ్గరికి వస్తాడు. శుక్రవారం నేను కోరుట్లలోనే, ఆ ఆకుపచ్చ గోడ ముందే ఉంటాను. బిడ్డ ఫోన్ తీసుకొని గౌను సంగతి, బడి సంగతి ఏదీ చెప్పదు. నాయిన చెప్పిండా అమ్మా అని ఒక్కటే అడుగుతుంది. నన్ను నువ్వు ఏమన్నా అనుకో, దానికి మాత్రం చెప్పిండని చెప్పు.

ఇట్లు,
సహస్ర నాయిన,
జలపతి