కుడి పైట ఫొటో

నరసరావుపేట,
ఆదివారం పొద్దున.

అమ్మకూ నాయనకూ మీ పెద్దమ్మాయి అంకమ్మ నమస్కారాలు చేసి రాసుకుంటున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీ అందరికీ ఒంట్లో ఎలా ఉంది? నాయనకు మోకాలి నొప్పి తగ్గిందా? తగ్గకపోతే నాలుగు రోజులు రాళ్ళ పనికి పోవద్దని నా మాటగా చెప్పు. ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న మస్తాను మావయ్యకు సలాములు. మావయ్యా, కుట్టుమిషను ఆపి మా గుమ్మంలో కూర్చున్నావని తెలుసు. ఈసారి ఉత్తరం కొంచెం పొడుగు. అమ్మ మధ్యలో ఏదైనా అన్నా ఆగకుండా చివరిదాకా చదువు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. బడి ఒంటిపూట చేశారు. నా తరగతిలో పిల్లలు ఇప్పుడు నా మాట వింటున్నారు. బియ్యం కంట్రోలు కాబట్టి ఒక పూట జొన్న సంకటి వండుకుంటున్నాను. నువ్వు చేసినట్టు రావడం లేదు, ఉండలు కడుతున్నది. ఎసరు ఎంత పెట్టాలో మావయ్యతో రాయించు. తిండికి లోటు లేదు, నువ్వు దిగులు పడవద్దు. మధ్యాహ్నాలు మాత్రం పొద్దు పోదు. మన ఊళ్ళో ఆ వేళకు ఎవరో ఒకరు కేకలేస్తూ ఉండేవాళ్ళు. ఇక్కడ అందరూ తలుపులు వేసుకొని పడుకుంటారు.

నేను అద్దెకున్న గది శేషయ్య గారింటి వెనక భాగమని ముందే రాశాను. ఆయనకు బజారులో కిరాణా కొట్టు ఉంది. ఆయన్ని బాబాయి గారనీ, ఆయన భార్య రత్తమ్మ గారిని పిన్ని అనీ పిలుస్తున్నాను. పిన్ని రోజూ పొద్దున్నే మజ్జిగ చెంబు తెచ్చి, గదిలోకి వచ్చి నా పొయ్యి పక్కన పెట్టి, రెండు మాటలు మాట్లాడి పోతుంది. ఆ రెండు మాటల కోసమే నేను కాచుకొని ఉంటాను.

బాబాయి గారికి ఫొటోల పిచ్చి. కిందటి సెలవులకు నేను తెచ్చిన నల్ల డబ్బా కెమెరా ఆయనదే. ఆదివారం మధ్యాహ్నం ఆయన వసారాలో మేమంతా కూర్చుంటాం. మోటారు రిపేర్లు చేసే ఖాదర్ అన్న, రైలు స్టేషన్లో గుమాస్తా రమణయ్య గారు వస్తారు. పిన్ని ఫొటోలు తీయదు కానీ అందరికంటే ఎక్కువ మాట్లాడుతుంది. యుద్ధం మూలాన ఫిల్ము దొరకడం గగనమైంది. అందుకని తీసిన ఒక్కో ఫొటోను అందరం పట్టి పట్టి చూసి, ముందు బాగున్నది ఒకటి చెప్పి, తర్వాత దిద్దుకోవలసింది ఒకటి చెప్పాలి. ఫొటో ఎవరిదో వాళ్ళు నోట్లో వక్కపలుకు వేసుకోవాలి. అది నమలడం అయ్యేదాకా మాట్లాడకూడదు. లేకపోతే ప్రతివాళ్ళూ "ఎండ లేదండీ", "గొడ్డు కదిలిందండీ" అని సాకులు చెబుతారట. పద్ధతి మంచిదే. కానీ ఆ వక్క రాయిలా ఉంటుంది. నాకు అలవాటు లేక దవడలు పీకుతాయి.

నేను మొదట మా బడి పిల్లల్ని నల్లబల్ల ముందు నిలబెట్టి తీశాను. అచ్చు వేసేటప్పుడు ఫిల్మును కాగితం మీద తిరగేసి పెట్టాను. బల్ల మీద అక్షరాలన్నీ అటుదిటు అయ్యాయి. అందరూ నవ్వారు కానీ, ఫిల్ము ఏ వైపు నున్నగా ఉంటుందో, ఏ వైపు పైకి రావాలో బాబాయి గారు కూర్చోబెట్టి నేర్పారు. మళ్ళీ ఆ తప్పు చేయలేదు.

పోయిన ఆదివారం నీ ఫొటో పెట్టాను. గోడ పక్కన గంప ఎత్తుకొని, "ఈ డబ్బాలో నేనెట్టా పడతానే" అని నువ్వు నవ్వినప్పుడు తీసినది. నా వక్క నేను వేసుకున్నాను.

"ముఖాన వెలుతురు చానా బాగా పడింది" అన్నారు బాబాయి గారు. "ఇంకొంచెం దగ్గరికి పోయి తీయాల్సింది."

"దగ్గరికా? ఇప్పటికే పాదాలు కోసేసింది" అన్నాడు ఖాదర్ అన్న. "చెల్లెమ్మా, రెండడుగులు ఎనక్కి పోవాల. మనిషిని నిలబెట్టినాక కాళ్ళు లేకపోతే ఎట్టా?"

"వెనక గోడ ఎక్కువైంది. పక్కకి జరగాలి" అన్నారు రమణయ్య గారు.

దగ్గరికి పోవాలా, వెనక్కి పోవాలా, పక్కకి పోవాలా? ముగ్గురూ నా మేలు కోరే చెబుతున్నారు. ముగ్గురి మాటా వింటే నేను ఫొటో తీయడం మాని గుండ్రంగా తిరుగుతూ ఉండాలి.

అప్పుడు పిన్ని ఫొటో తీసుకుంది. "ఈమె నీ పోలికేనే. మీ అమ్మా?"

తల ఊపాను.

"ఎంత బాగా నవ్విందో! ఇదేందండీ, పైట కుడి భుజాన ఉంది? అట్టా వేసుకునే కులాలు వేరేగా. ఏమే, మళ్ళీ తిరగేసి అచ్చేశావా?"

అందరూ ముందుకు వంగి చూశారు. "అవునవును, తిరగబడింది" అన్నారు బాబాయి గారు. "నల్లబల్ల లేదు కాబట్టి మనం కనిపెట్టలేమనుకుంది." ఖాదర్ అన్న గట్టిగా నవ్వాడు.

అమ్మా, రాళ్ళ పని చేసే మన ఇళ్ళల్లో అందరిదీ కుడి పైటే కదా. నాదీ అంతే. ట్రైనింగు స్కూల్లో మాత్రం అందరూ ఒక్క తీరుగా ఉండాలని పెద్ద టీచరు గారు ఎడమకు మార్పించారు. అప్పటి నుంచి ఇక్కడ ఎడమ పైటే వేసుకుంటున్నాను. ఇంటికి వచ్చేటప్పుడు వినుకొండ స్టేషన్లో దిగగానే ఆడవాళ్ళ గదిలోకి పోయి కుడికి మార్చుకొని, అప్పుడు మన ఊరి బండెక్కుతాను. నీకు ఈ సంగతి తెలుసో తెలియదో నాకు తెలియదు. నువ్వెప్పుడూ అడగలేదు. పేటలో నేను ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు. వాళ్ళు నా పైట చూసి ఏదో అనుకున్నారు, నేను కాదనలేదు.

నోట్లో వక్క ఉంది. "తిరగేశావు కదూ?" అని పిన్ని మళ్ళీ అడిగింది. నేను తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో ఇప్పటికీ జ్ఞాపకం రావడం లేదు. వక్క అయిపోయేసరికి బాబాయి గారు ఫిల్ము తీసుకొని మెట్ల కింద చీకటి గదిలోకి పోయారు. నా మీద అభిమానంతో, ఫిల్ము ఏ వైపు నున్నగా ఉందో చూడకుండానే, పైట ఎడమకు వచ్చేట్టు తన కాగితం మీదే తిరగేసి ఇంకొకటి అచ్చు వేసి తెచ్చారు. "ఇదీ సరైనది! ఈ శుక్రవారం కాక వచ్చే శుక్రవారం గుంటూరు పోతున్నా. అక్కడ ఫొటోల ప్రదర్శన పెడుతున్నారు. దీన్ని నీ పేరుతో ఇస్తాను" అన్నారు. అందరూ బాగుందన్నారు.

నిజంగానే బాగుంది. కానీ అది నువ్వు కాదు. రాతి పెళ్ళ తగిలి నీ ఎడమ కనుబొమ మీద పడిన మచ్చ కుడి కనుబొమ మీదికి పోయింది. పైట ఎడమకు వచ్చింది. ఎవరో పేట ఆవిడ మన గోడ దగ్గరికి వచ్చి నీ నవ్వు నవ్వుతున్నట్టుంది.

వారం నుంచి రెండు ఫొటోలూ ముందు పెట్టుకొని చూస్తున్నాను. తిరగేసిన దాన్ని అద్దం ముందు పెడితే అద్దంలో నువ్వు కనిపించావు. అప్పుడు నా తల ఇంకా తిరిగింది. నువ్వు నీ ముఖం ఎప్పుడు చూసుకున్నా మన గూట్లోని అద్దం ముక్కలోనే కదా. అంటే నీకు తెలిసిన నీ ముఖం ఆ తిరగేసిన దానిలోది. నాకు తెలిసిన నీ ముఖం మొదటిదానిలోది. మరి సరైనది ఏది? చదువుకున్నదాన్ని, నాకే తెలియకపోతే ఎవర్ని అడగను? మనం కుడి పైట ఎందుకు వేసుకుంటామో కూడా నేనెప్పుడూ నిన్ను అడగలేదు.

మస్తాను మావయ్యా, ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదువు.

ఈ పొద్దున లేచి స్నానం చేసి పైట కుడికి వేసుకొని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇందాక పిన్ని మజ్జిగ తెచ్చి గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ఏమే, అద్దంలో చూసుకుంటా కట్టుకున్నావా?"

నేను మొదటి ఫొటో చేతికిచ్చాను. ఆమె నన్ను చూసింది, ఫొటోను చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"అయితే మేమంతా కలిసి మీ అమ్మను తిప్పేసినామా?"

"మీరు మంచికే చెప్పారు పిన్నీ."

"ముందే చెప్పొచ్చుగా" అంది. అది కోపమో, నొచ్చుకోవడమో తెలియలేదు. మళ్ళీ తనే, "చెప్పనిస్తేగా. వక్కేసి నోరు మూయించింది మేమేగా" అంది. "ఆయనకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను. ఈసారి వక్క మీరు వేసుకోండి."

ఫక్కున నవ్వింది. కానీ మజ్జిగ చెంబు గుమ్మంలోనే పెట్టి, ఫొటో నాకు తిరిగిచ్చి వెళ్ళింది, లోపలికి రాలేదు. ఒక చేతిలో ఫొటో ఉన్నందువల్లనేమో. నాకు తెలియడం లేదమ్మా. చెంబు తెచ్చుకొని మజ్జిగ తాగాను. రోజూలాగే ఉంది.

సాయంత్రం.

మధ్యాహ్నం అలాగే కుడి పైటతో వసారాలోకి పోయి రెండు ఫొటోలూ బల్ల మీద పెట్టాను. వక్క తీసుకోలేదు. "మొదటిది నేను సరిగ్గానే అచ్చు వేశాను. మా అమ్మ ఇలాగే వేసుకుంటుంది, మా ఇంట్లో అందరమూ ఇలాగే వేసుకుంటాం" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను, అంతవరకే చెప్పి కూర్చున్నాను. రమణయ్య గారు వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. ఖాదర్ అన్న, "అరె, పాపం అమ్మను మనమే చెడగొట్టినాం" అన్నాడు.

బాబాయి గారు అద్దాలు తుడుచుకొని మొదటిదాన్ని చాలాసేపు చూశారు. నన్ను ఎక్కడి వాళ్ళమని అడుగుతారేమో, గది ఖాళీ చేయమంటారేమో అని నేను అన్నీ అనుకుంటున్నాను.

"అయితే గుంటూరు పోయేది ఇదే" అన్నారు చివరికి. "కానీ అమ్మాయ్, పాదాలు కోసిన మాట మాత్రం నిజం. అది నీ తప్పే."

నవ్వాలో ఏడవాలో తెలియక తల ఊపాను. ఈసారి ఎటు ఊపానో నాకు తెలుసు. పిన్ని మాత్రం నిజంగానే వక్క వేసుకొని కూర్చుంది. రేపు పొద్దున చెంబు ఎక్కడ పెడుతుందో చూడాలి.

రెండు ఫొటోలకూ నకళ్ళు ఇందులో పెడుతున్నాను. మావయ్యా, ఏది ఏదో చెప్పకుండా అమ్మకు చూపించు. అమ్మా, ఇది నేనే అని నీకు అనిపించినది గూట్లో పెట్టుకో, రెండోది నాకు తిప్పి పంపు. నువ్వు ఏది ఉంచుకున్నా నేను ఏమీ అనుకోను. వీలైతే కొంచెం పండు మిరపకాయ పచ్చడి కూడా పంపు.

అవ్వకు నా దండాలు చెప్పు. పక్కింటి సుబ్బులు అత్తకు, మావయ్య ఇంట్లో పెద్దలకు నన్ను అడిగినట్టు చెప్పు. నాయన దీవెనలు, నీ దీవెనలు నాకు ఎప్పుడూ కావాలి. ఫొటోలో నేను కోసేసిన నీ పాదాలకు ఇక్కడి నుంచే మొక్కుతున్నాను.

ఇట్లు,
నీ కూతురు
అంకమ్మ

ఎండాకాలం సెలవులకు వస్తాను. బండి అబ్బాయిని వినుకొండ స్టేషన్ దగ్గర ఎక్కువసేపు కాచుకోవద్దని చెప్పు. అక్కడ నాకేమీ పని లేదు. రైలు దిగగానే నేరుగా వచ్చి ఎక్కుతాను.