దేవుడి పటం మేకు

శామీర్‌పేట

బావగారికి,

దేవుడి పటం దించి ఆ మేకుకు రక్తం సంచి తగిలించామని మీరు మండిపడ్డారట. నిజమే, తగిలించాను. అత్తమ్మ ఆసుపత్రి దాకా కూర్చుని రాలేరని డాక్టరే నర్సును ఇంటికి పంపారు. సంచికి సరిపడే ఎత్తులో ఉన్నది ఆ మేకు ఒక్కటే. నేను వెనకాడుతుంటే మీ అమ్మే, "తియ్యి బిడ్డా, దేవుడు జరసేపు కింద కూసుంటడు" అన్నారు.

ఇంటికి మైల అంటున్నారు. మొన్న మీ తమ్ముడు, ఈసారి పక్కింటి జహేదా బ్లడ్ బ్యాంకులో రక్తమిస్తేనే ఆ మైల దొరికింది.

మేకు పీకను. శనివారం మళ్లీ ఎక్కించాలి. వాళ్లిద్దరూ ఇప్పట్లో మళ్లీ ఇవ్వకూడదు, నాకే రక్తం తక్కువని నాది తీసుకోలేదు. ఇవ్వాల్సింది ఇక మీరే. ఆ రోజుకు మీ ఒక్కపొద్దు మానేసి, కడుపునిండా తిని రండి. ఖాళీ కడుపుతో వస్తే రక్తం తీసుకోరు.

మీ మరదలు