దెల్ఫీనా ఇంటి పీపాలు

బారే, వెర్మాంట్
12 జనవరి 1926

శ్రీవారికి మీ ఎర్సీలియా వ్రాయునది. మరియతల్లి చలవ వల్ల నేనూ, పిల్లా ఇక్కడ కులాసా. ఆ జైలు చలిలో మీరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

పోయిన ఉత్తరంలో మీరు రెండు ప్రశ్నలు వేశారు. ఉన్ని బనీను పంపానా అన్నది మొదటిది. సోమవారమే పంపాను. మన నీవెస్‌కు ముందు పన్ను ఊడింది, నాన్న చూసేదాకా పారెయ్యనంటోంది.

రెండోదానికి ముందు నా కడుపులోది కక్కనివ్వండి. ఊరంతా మిమ్మల్ని మహానుభావుడంటోంది. రాళ్ల షెడ్డులో రాతిదుమ్ము ఊపిరితిత్తులకు పట్టి మొగుణ్ణి పోగొట్టుకున్న దెల్ఫీనా వంటింట్లో వైన్ అమ్ముకుని ముగ్గురు పిల్లల్ని సాకుతోంది కదా, మద్యనిషేధం వాళ్లు వచ్చిపడ్డ రోజు "ఆ పీపాలు నావి" అని నేరం మీ నెత్తిన వేసుకున్నారట. చర్చిలో ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని మరీ పొగుడుతున్నారు. వింటుంటే నా ఒళ్లు మండిపోతోంది. ఇంటిల్లిపాదికీ సరిపడా వైన్ ఇంట్లోనే పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు, గ్లాసు అమ్మితేనే నేరం. మనింట్లోనూ పీపా ఉంది. మరి ప్రతి శనివారం ఆవిడ గడప ఎందుకు తొక్కారు? అడిగితే, ఆవిడ పెట్టిన వైన్ పులిసిపోదు అన్నారు. నాది పులుస్తుందనేగా!

ఎవరు పట్టించారో తెలిసిందా అని అడిగారు. నేనేనండీ. అధికారి మన వీధిలోకొస్తే వేలు పెట్టి ఆ ఇల్లు చూపించాను. పీపాలు పగలగొట్టి పోతారు, దాని పొగరు అణుగుతుంది అనుకున్నాను. అది బుధవారం, మీరు రాళ్ల షెడ్డులో పనిలో ఉంటారనుకున్నాను.

నిన్న వెళ్లి దెల్ఫీనాతో కూడా చెప్పేశాను. తిడుతుందనుకుంటే కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

"మీ ఆయన తాగడానికి రాలేదమ్మా, వైన్ పెట్టడం నేర్చుకోడానికొచ్చాడు. 'నేను పోయాక మా ఆవిడ దీంతోనే బతకాలి, దానికి నేర్పాలి' అనేవాడు. ఆ బుధవారం దగ్గు ఆగక, నీకు తెలియనివ్వకూడదని పని మానేసి ఇక్కడికొచ్చి పడుకున్నాడు" అంది.

దగ్గితే మీకు నెత్తురు పడుతోందని ఆవిడకు ఏడాదిగా తెలుసు. నాకు నిన్న తెలిసింది.

నేను చేసినదానికి నన్ను ఏలుకుంటారో, వెళ్లగొడతారో మీ ఇష్టం. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. కానీ ఆవిడ మీద కుళ్లు మాత్రం నాకు చచ్చేదాకా పోదు. ఆ నెత్తురు సంగతి మీరు ముందు నాకు చెప్పాల్సింది.

ఇట్లు,
మీ ఇల్లాలు
ఎర్సీలియా