బోదకాలు కాదని వీధికి తెలియాలి

రాజమండ్రి,
శుక్రవారం.

మావా, నేను బాగున్నాను, నాకొచ్చింది బోదకాలు కాదు.

నువ్వు వేటకెళ్ళిన మర్నాడు నా మడమలో జెల్ల చేప ముల్లు దిగింది. గజ్జల్లో బిళ్ళ కట్టి కాలంతా వాచిపోయింది. మీ అమ్మ ఆ బిళ్ళకి ఆముదం రాసి నలిపి నలిపి, అది తగ్గకపోయేసరికి బోదకాలని వీధంతా చెప్పేసింది. మా చెల్లి లక్ష్మి నన్ను ఇక్కడికి తీసుకొచ్చి డాక్టరమ్మకి చూపించింది.

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. "రక్తంలోంచి ఒంట్లోకి ఊరిన నీటిని తిరిగి రక్తంలో కలిపే సన్న కాలువలుంటాయమ్మా, వాటిలో పారేది లింఫు. దారిలో ఈ బిళ్ళలు కాపలా ఉంటాయి. ముల్లుతో వచ్చిన క్రిముల్ని పట్టుకుని కొడుతోంది కాబట్టే నీ బిళ్ళ వాచింది. దొంగని వదిలేసి కాపలావాణ్ణి నలిపారేంటి?" అంది. రక్తానికి గుండె ఉన్నట్టు ఆ కాలువలకి మోటారు లేదట, మనం కదిలితేనే ఆ నీరు బాగా కదులుతుందట. మందులకి వాపు తగ్గింది, ఇప్పుడు నడుస్తున్నాను.

ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు లోపల పెట్టారా? పిల్లి జాగ్రత్త. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చేటప్పుడు నా నీలం చెప్పులు తే. మీ అమ్మ కాళ్ళకి ఒక దండం, చేతులకి రెండు దండాలు.

ఫోన్ చేస్తే నీ ఒక్కడికే వినపడుతుంది, అందుకే కార్డు రాశాను. పోస్టుమాన్ సత్తియ్యన్నా, ఎలాగూ అరుగు మీద కూర్చుని అందరికీ చదువుతావు కదా, మొదటి లైను ఇంకోసారి గట్టిగా చదువు. మా అత్త బయటికొచ్చాక మూడోసారి చదువు.

వీరవేణి